కాదనలేని వాళ్లను ప్రార్థనకు పిలవకండి

మారుమూల ఊళ్లలో సేవ, సువార్త ప్రచారం కోసం మిషన్ ట్రిప్‌కు వెళ్లొచ్చిన విద్యార్థుల సాక్ష్యం వినని చర్చి మన రెండు రాష్ట్రాల్లోనూ ఉండదేమో. మైకు చేతికి రాగానే ముందు వందనాలు. తర్వాత ఘాట్ రోడ్డు ఎంత భయపెట్టిందో, ఫోన్లకు సిగ్నల్ లేక ఎలా గడిచిందో చెబుతారు. ఆపైన వచ్చే వాక్యం ఎవరి నోట విన్నా ఒక్కటే: ‘వాళ్లకు ఏమీ లేకపోయినా ఎంత సంతోషంగా ఉన్నారో!’ ఆఖరున అంకెలు. ఇంతమందికి మందులు, ఇంతమంది పిల్లలకు పలకలు, ఇంతమంది చేతులెత్తి ప్రభువును అంగీకరించారు. సంఘమంతా ఆమెన్ అంటుంది. కోశాధికారి గారు తృప్తిగా తల పంకిస్తారు.

అలాంటి జట్టు ఒకదానిలో నేనూ వెళ్లాను. గుంటూరులో నర్సింగు చదువుతున్నాను కాబట్టి మెడికల్ క్యాంపులో కూర్చోబెట్టారు. సాక్ష్యం చెప్పమన్నప్పుడు వద్దన్నాను. బిడియం కాదు. నేను చెప్పదలచుకున్నది అయిదు నిమిషాల్లో తేలేది కాదు, ఆమెన్‌తో ముగిసేదీ కాదు. అది ఇది: మందు కోసం వరుసలో నిలబడ్డ మనిషిని ప్రార్థనకు అడగకూడదు. ఇది మతం గిట్టనివాళ్ల అభ్యంతరం కాదు. నాలుగు తరాల క్రైస్తవ కుటుంబంలో పుట్టి, ప్రార్థనను నమ్మి, రోజూ చేసుకునే మనిషిగా చెబుతున్నాను. సువార్త మీద గౌరవం ఉన్నవాళ్లే ముందు మానుకోవలసిన పని ఇది.

మేము వెళ్లింది అల్లూరి సీతారామరాజు జిల్లాలో, ముంచంగిపుట్టు వైపు, ఒడిశా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక ఊరికి. వేసవి సెలవులు కాబట్టి బడి వరండా మాకు దొరికింది. మొదటి బల్ల దగ్గర పేరు, వయసు రాసి చీటీ ఇస్తారు. రెండో బల్ల నాది: బరువు, బీపీ, వేలి కొస నుంచి ఒక చుక్క రక్తం. మూడోది డాక్టరు గారిది. నాలుగో బల్ల మీద మందులు. కానీ మందుల సంచీ చేతికి వచ్చేలోపు మధ్యలో ఇంకో మజిలీ ఉంది. అక్కడ ప్లాస్టిక్ కుర్చీల్లో మా జట్టు అన్నయ్యలు ఇద్దరు, ఒక అక్క. వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తారు. కరపత్రం చేతిలో పెడతారు. యేసుప్రభువును నీ సొంత రక్షకునిగా అంగీకరిస్తావా అని అడుగుతారు. తల ఊపితే చీటీ మీద టిక్కు పెడతారు. ఆ చీటీ చూపిస్తే సంచీ.

ఈ వరుస ఎవరూ కుట్రతో పెట్టింది కాదు. అది ముందుగా స్పష్టం చేయాలి, ఎందుకంటే ఈ వ్యాసాన్ని కత్తిరించి వాడుకోవాలని చూసేవాళ్లు ఉంటారని నాకు తెలుసు. ప్రార్థన చేసిన వాళ్లు మంచివాళ్లు. చెమటలు కారుతున్నా ఒక్కొక్కరి పేరు అడిగి తెలుసుకుని, ఆ పేరుతోనే ప్రార్థించారు. నేను అడిగింది ఒక్కటే: ప్రార్థన మందుల తర్వాత పెట్టకూడదా? నిర్వాహకుడు చాలా మామూలుగా జవాబిచ్చారు: ‘ముందే సంచీ ఇచ్చేస్తే వెళ్లిపోతారమ్మా.’

వెళ్లిపోతారు, నిజమే. నా వాదన అంతా ఆ మాటలోనే ఉంది. వెళ్లిపోయే వీలున్నప్పుడు ఎవరు ఆగుతారో వాళ్లే ఆగినట్టు. వెళ్లిపోతారని తెలిసి సంచీని వెనక పెట్టుకున్నామంటే, ఆగినవాళ్లు మన మాట కోసం ఆగలేదని మనకు ముందే తెలుసు.

ఆ చీటీలో ‘ప్రార్థన అంశం’ అని ఒక గడి ఉంది. తెలుగు కొద్దిగానే వచ్చిన ఒక నడివయసు ఆమె అక్కడ కూర్చుంది. ఆ ఊళ్లో ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒరియా. పక్కనే ఉన్న ఆశా కార్యకర్త ఆమె మాట మాకు, మా మాట ఆమెకు చేరవేస్తోంది. ప్రార్థన అంశం ఏమిటని అడిగితే ఆమె కాస్త ఆలోచించి రెండు చెప్పింది. ఒకటి, తాము దున్నుకుంటున్న పోడు భూమికి పట్టా రావాలి. రెండోది, రేషన్ మిషన్ మీద తన వేలిముద్ర పడటం లేదు, అది పడాలి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తు పెట్టుకుని, కాగితాల కోసం తిరుగుతున్న ఇల్లు అది. చీటీ రాస్తున్న మా స్నేహితురాలు క్షణం ఆగి, ‘ఆర్థిక ఆశీర్వాదం’ అని రాసింది. గడి చిన్నది, నిజమే. అయినా ఆ రోజు వరండా మొత్తం మీద ఎవరైనా మమ్మల్ని నిజంగా ఏదైనా అడిగారంటే ఆ ఆడమనిషే. ఎమ్మార్వో ఆఫీసుకు ఒక అర్జీ రాసిపెట్టడం మా జట్టులో ఉన్న బీటెక్ అబ్బాయిలకు పది నిమిషాల పని. ఆ ఆలోచన ఎవరికీ రాలేదు. అందరం కళ్లు మూసుకున్నాం.

ఇక మందుల సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఇది నా చదువు కాబట్టి.

పిల్లల్లో గజ్జి ఎక్కువగా కనిపించింది. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ చిన్న చిన్న పొక్కులు, గోళ్లతో గీరుకున్న గాయాలు, కొన్ని చీము పట్టినవి. దీనికి పెర్మెత్రిన్ క్రీము మంచి మందు. కానీ ఆ క్రీము పనిచేయాలంటే ఒక పద్ధతి ఉంది. రాత్రి పడుకునే ముందు మెడ నుంచి అరికాళ్ల దాకా ఒళ్లంతా పూయాలి. దురద ఉన్నా లేకపోయినా ఆ ఇంట్లో వాళ్లందరూ ఒకే రాత్రి పూసుకోవాలి. దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. వారం తర్వాత మళ్లీ ఒకసారి పూయాలి. ఒక్కరికి పూసి మిగతావాళ్లను వదిలేస్తే, ఆ ఒక్కరికీ తిరిగి అంటుకుంటుంది. మా దగ్గర ‘ఒక చీటీకి ఒక ట్యూబు’ అని నియమం. వచ్చిన తల్లికి ముగ్గురు పిల్లలు, ఇంట్లో అత్త, మరిది. చేతికి ఒక్క ట్యూబు. ఆశా కార్యకర్త నా వైపు చూసి, ‘ఇంటిల్లిపాదీ పూసుకోవాలి కదమ్మా, ఇది ఎవరికి సరిపోతుంది?’ అంది. ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. నియమం పెట్టిన వాళ్లకు తెలియదు, ఎందుకంటే ఆ నియమం మందు ఎలా పనిచేస్తుందో చూసి పెట్టింది కాదు, చీటీల సంఖ్య పెరగడానికి పెట్టింది. ఒక ఇంటికి ఆరు ట్యూబులిస్తే రిపోర్టులో ఒక్క పేరు పడుతుంది. ఆరిళ్లకు ఆరు ఇస్తే ఆరు పేర్లు. ఆరిళ్లలోనూ గజ్జి తగ్గదు.

బీపీ ఇంకా చిక్కు వ్యవహారం. ఒక ముసలాయనకు పై అంకె నూట ఎనభై దాటింది. డాక్టరు గారు ఆమ్లోడిపిన్ రాశారు, మందుల బల్ల మీద పది మాత్రల పట్టీ ఇచ్చారు. బీపీ మాత్ర జీవితాంతం వేసుకోవలసింది. పదకొండో రోజు ఏం చేయాలి? ఆయన్ను అడిగాను, ఇంతకుముందు ఎవరైనా మాత్రలిచ్చారా అని. ఇచ్చారట. 104 బండి ఊరికి వచ్చినప్పుడు ఇస్తారట, ఇంట్లో ఉన్నాయట. మరి ఎందుకు వేసుకోవడం లేదు? పట్నం డాక్టర్లు వస్తున్నారని పది రోజుల ముందే తెలిసింది కాబట్టి, ఆ మాత్రలు పక్కన పెట్టి మంచి మాత్రల కోసం ఆగాడు. మా బ్యానరు మీద పెద్ద అక్షరాలతో ‘ఉచిత మెగా వైద్య శిబిరం’ అని ఉంది మరి. 104 బండి మాత్రకు, మా మాత్రకు తేడా లేదని ఆశా కార్యకర్త చేత చెప్పించాను. ఆయన నమ్మినట్టు కనిపించలేదు. ఆమె రోజూ కనిపించే మనిషి, మేము టీ షర్టులు వేసుకుని బస్సు దిగిన వాళ్లం.

రక్తహీనతదీ అదే కథ. మన్యంలో సికిల్ సెల్ వ్యాధి, అంటే తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే ఎర్ర రక్తకణాల జబ్బు, ఉన్న కుటుంబాలు ఉన్నాయి. కేంద్రం 2023 జులైలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టాక గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు ఊపందుకున్నాయి. రక్తం తక్కువగా ఉందని కనిపించిన ప్రతివాళ్లకూ ఐరన్ మాత్రలు చేతిలో పెట్టి పంపే ముందు, కారణం ఏమిటో చూడాలి. ఎవరికి పరీక్ష అయింది, ఎవరికి ఏమని తేలింది అన్నది ఏఎన్ఎం దగ్గర రిజిస్టరులో ఉంటుంది. ఆ రిజిస్టరును మా జట్టులో ఎవరూ అడగలేదు. ఆమెను క్యాంపుకు పిలవనూ లేదు. మేము ఎంచుకున్న రోజు దగ్గరి ఊళ్లో సంత అని కూడా అందుకే తెలియలేదు. మధ్యాహ్నం దాకా బల్లల ముందు ఈగలు తప్ప ఎవరూ లేరు. సంతరోజు కొండ మీద ఎవరూ ఇంట్లో ఉండరని ఆ ఊళ్లో చంటిపిల్లాడిని అడిగినా చెప్పేవాడు.

దీన్నిబట్టి మిషన్ ట్రిప్పులు శుద్ధ దండగ అని తేల్చేయడం సులువు. నేను అలా అనడం లేదు. డాక్టరు గారు ఒక గర్భిణిని చూసి, కాళ్ల వాపు, బీపీ రెండూ గమనించి, మా బస్సులోనే పాడేరు ఆసుపత్రికి పంపించారు. డోలీ కట్టుకుని రోడ్డు దాకా మోసుకొచ్చే ఊళ్లలో ఆ బస్సు చిన్న సంగతి కాదు. నేను పట్టుకుంటున్నది వేరే ముడి. ఆ మనిషికి మా మందు కాదనే స్తోమత లేదు. మందు కాదనలేని మనిషి దాని పక్కనే నిలబెట్టిన ప్రార్థననూ కాదనలేడు. కాదనడానికి వీల్లేని చోట అవునన్న మాటకు విలువ ఏముంది? టిక్కు పెట్టినవాళ్లు మారారని మనం సంఘానికి చెబుతున్నాం. వాళ్లు మారలేదు, మర్యాద పాటించారు. ఇంటికి వచ్చిన చుట్టం ఏదో ముచ్చటపడి అడుగుతున్నాడని తల ఊపారు. ‘ఏమీ లేకపోయినా ఎంత సంతోషంగా ఉన్నారో’ అన్న మాట కూడా ఆ మర్యాద మీద కట్టిందే. బయటివాళ్లు వచ్చినప్పుడు ఎవరైనా నవ్వుతూనే ఉంటారు.

ఇప్పుడు మన చరిత్ర దగ్గరికి వస్తాను. మాది ప్రకాశం జిల్లా, బాప్టిస్టు సంఘం. మా వైపు పిల్లలకు ఎక్కాలకంటే ముందు వచ్చే అంకె 2,222. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజులో బాప్తిస్మం పొందినవాళ్లు అంతమంది. ఈ అంకెను ప్రతి మిషన్ ట్రిప్పు ముందూ ప్రసంగంలో వింటాం. అంకెకు ముందు జరిగింది మాత్రం ఎవరూ చెప్పరు.

అప్పుడు నడుస్తున్నది ధాత కరువు, 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని పీల్చి పిప్పి చేసిన కరువు. ఒంగోలులో మిషనరీగా ఉన్న జాన్ క్లౌ అంతకుముందు అమెరికాలో సర్వేయరుగా పనిచేసిన మనిషి. ఆ అనుభవంతో బకింగ్‌హామ్ కాలువలో మూడు నాలుగు మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, కరువుకు రోడ్డున పడ్డ జనానికి పని పెట్టారు. పనికి కూలి. పక్కనే బోధకులు ఉన్నారు, జనం వింటున్నారు, బాప్తిస్మం కావాలని అడుగుతున్నారు. ఆయన ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. కూలి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని, అలా పుచ్చుకున్నవాళ్లు తనకు అక్కరలేదని. చివరికి సాయం చేయడానికి తన దగ్గర ఇక డబ్బు లేదని, ఇళ్లకు వెళ్లిపొమ్మని చెప్పినప్పుడు వాళ్లు కాలువ తవ్వి బొబ్బలెక్కిన చేతులు చూపించారట. మాకు సాయం వద్దు, కష్టపడ్డాం, ఇంకా పడతాం, మళ్లీ పంట పోతే చస్తాం, ఆ చచ్చేదేదో క్రైస్తవులుగా చస్తాం అన్నారని క్లౌ రాసుకున్నారు. గుండ్లకమ్మ నీళ్లలో నిలబడి ఆ రోజు బాప్తిస్మాలు ఇచ్చింది కూడా ఆయన కాదు. ఆరుగురు బోధకులు, ఒకేసారి ఇద్దరు చొప్పున, వంతులు వేసుకుని ఇచ్చారు.

అంతా కడిగిన ముత్యమని నేను చెప్పను. కరువులో కూలి ఇచ్చిన చెయ్యి మీద జనానికి గురి కుదరడం సహజం, ఆ గురి లేకపోతే అన్ని వేలమంది నది దాకా వచ్చేవారా అన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ క్లౌ ఏం చేశారో చూడండి: సంచీ ముందు ఇచ్చేశారు. వెళ్లిపొమ్మన్నారు. ఆ తర్వాత కూడా ఆగినవాళ్లకు ఇచ్చారు. మనం ఆయన అంకెను తలకెత్తుకుని, ఆయన ఆగిన ఏడాదిని మరచిపోయాం.

ఆ ఏడాదికి వెనక ఇంకా పెద్ద నిరీక్షణ ఉంది. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో అడుగుపెట్టింది 1840లో. ఏళ్ల తరబడి లెక్క చెప్పుకోదగ్గ ఫలితం కనబడక, 1853లో తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని వాళ్ల సభలో చర్చ జరిగింది. పటంలో ఒంటరి నక్షత్రంలా ఉందని దానికి పేరు కూడా పడింది. ఆనాటి వాళ్లకు మన రిపోర్టు ఫారం ఇచ్చి ఉంటే గడులన్నీ ఖాళీగా ఉండేవి. పని కదిలింది యర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్ల వల్ల. మాదిగ కులంలో పుట్టి, తోళ్ల వ్యాపారం చేస్తూ, గురువుల దగ్గర యోగం నేర్చుకుని, దేవుణ్ణి వెతుక్కుంటూ ఊళ్లు తిరిగిన మనిషి. ఆయనకు ఎవరూ పలకలు పంచలేదు. ఆయనే అడిగాడు, ఆయనే తేల్చుకున్నాడు, ఆ తర్వాత తన వాళ్ల మధ్య కాలినడకన తిరిగి చెప్పాడు. ఆ ఊళ్లలోనే ఉన్నాడు.

ఇక్కడ రెండో వైపు వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. బియ్యం కోసం మతం మారారు, పిండి కోసం మారారు అని మమ్మల్ని అనేవాళ్లతో. మా ముత్తాతలను ఆ మాట అన్నవాళ్లు లెక్క రెండో పక్క చూడరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వెళ్లిన దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరిచారు, మాకు తెరవలేదు. మన దగ్గర ఎస్సీల నుంచి వచ్చిన క్రైస్తవులు బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. బియ్యం లెక్క చూసుకునేవాళ్లు చేసే బేరం కాదు ఇది. పేదవాడికి పొట్ట తప్ప బుద్ధి ఉండదనుకోవడం, ‘సంచీ చూపిస్తే తల ఊపుతాడు’ అనుకోవడం, ఈ రెండూ ఒకే చూపు. మనల్ని తిట్టేవాళ్లదీ, మన ట్రిప్పు నిర్వాహకులదీ ఈ ఒక్క చోట ఒకే అభిప్రాయం కావడం నాకు అన్నిటికన్నా చికాకు పుట్టించే విషయం.

చట్టం సంగతి కూడా చూద్దాం. రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని పాటించడానికే కాదు, ప్రచారం చేసుకోవడానికీ హక్కు ఇచ్చింది. ఆ హక్కును నేను వదులుకోను. మేము ఉన్న కొండ దిగితే ఒడిశా. అక్కడ 1967 నుంచి బలవంతం, ప్రలోభాల ద్వారా మతమార్పిడిని నిషేధించే చట్టం ఉంది. ఆ చట్టం, మధ్యప్రదేశ్ చట్టం చెల్లుతాయని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పుతో నాకు విభేదాలున్నాయి, ఆ చట్టాలను ఎవరి మీద ఎలా ప్రయోగిస్తున్నారో చూస్తూనే ఉన్నాం. కానీ ప్రార్థనకు టిక్కు పడ్డాకే మందుల సంచీ ఇచ్చే బల్లను ఎవరైనా ఫోనులో వీడియో తీస్తే, మన తరఫున వాదించబోయే వకీలుకు చేతిలో ఏం పెడతాం? కేసు భయంతో మానమని అనడం లేదు. కేసు లేకపోయినా తప్పే.

సంఘ పెద్దలు నాకు చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే: యేసుప్రభువు స్వస్థపరచలేదా, బోధించలేదా, రెండూ కలిపి చేయలేదా? చేశాడు. ఎలా చేశాడో లూకా సువార్త 17వ అధ్యాయంలో ఉంది. పదిమంది కుష్ఠరోగులు దూరంగా నిలబడి కేకలు వేశారు. పదిమందీ బాగుపడ్డారు. తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పింది ఒక్కడు, వాడూ యూదులు పరాయివాడిగా చూసే సమరయుడు. తొమ్మిదిమంది ఏరని ప్రభువు అడిగాడు, బాధపడ్డాడనే అనుకుంటాను. కానీ ఆ తొమ్మిదిమందికి కుష్ఠు తిరిగి రాలేదు. వాళ్ల సంచీ వెనక్కి తీసుకోలేదు. మార్కు సువార్తలో అయితే ఒక కుష్ఠరోగిని బాగుచేసి, ఎవరికీ చెప్పవద్దని గట్టిగా హెచ్చరించి పంపేశాడు. మన రిపోర్టు ఫారంలో ఆ రోజు ఫలితం సున్నా.

గుంటూరులో ఉంటూ కుగ్లర్ ఆసుపత్రి పేరెత్తకుండా ఎలా? డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి ఇక్కడికి వచ్చారు. వైద్యం చదివి వచ్చినా మొదట ఆమెకు అప్పగించింది స్త్రీలకు, పిల్లలకు చదువు చెప్పే పని. ఆసుపత్రి తలుపులు తెరుచుకునేసరికి 1898. 1930లో ఈ ఊళ్లోనే చనిపోయారు. ఆమె ప్రార్థన చేసేది, చేయించేది కూడా, అది దాచిన సంగతేమీ కాదు. కానీ తమ ఇంటి ప్రసవం చల్లగా జరిగినందుకు ఏలూరు జమీందారు ఒకరు ఆమె ఆసుపత్రి ఎదుట రోగుల బంధువుల కోసం సత్రం కట్టించారు. ఆమె ఎక్కడికీ వెళ్లిపోయే మనిషి కాదు, రోగులకు ఆమె మాట వినకుండా ఉండే వీలూ ఉంది, రేపు మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు. కూర్చుని మాట్లాడుకోవడానికి అక్కడ సమయం ఉంది. వారం తిరక్కుండా బస్సెక్కేవాళ్లకు ఆ సమయం లేదు. లేని సమయాన్ని సంచీతో భర్తీ చేస్తున్నారు.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో దొరల ముఖాన నిలబడి, మీరు పేదల కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగినవాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి తమిళుడు. తెలుగు నేర్చుకుని, దోర్నకల్‌లో స్థిరపడి, 1912లో అక్కడే బిషప్పయ్యాడు, 1945లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన అన్న మాట తెల్లవాళ్ల గురించి కాబట్టి మనకు తగలదనుకుంటాం. మైదానం నుంచి టీ షర్టులతో కొండ ఎక్కిన తెలుగు క్రైస్తవుడు ఆ ఊరివాళ్లకు దొరే. మన భాష వాళ్లది కాదు. మన పాటలు వాళ్ల పాటలు కావు. సెలవుల బైబిల్ బడిలో పిల్లలకు మేము నేర్పిన అభినయ గీతాలన్నీ తెలుగులోవే. పిల్లలు చేతులు చక్కగా ఊపారు.

మా యౌవనస్థుల కూటంలో ఇవన్నీ చెప్పాను, వచ్చే వేసవికి ఎలా వెళ్లాలో కూడా రాసిచ్చాను. తేదీ మనం ఖాయం చేయవద్దు, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త చెప్పిన రోజుకు వెళదాం. ఏ మందులు కొనాలో పీహెచ్‌సీ డాక్టరును అడిగి కొందాం, వాళ్ల దగ్గర ఉన్నవి మళ్లీ తీసుకెళ్లవద్దు. ఊళ్లో గజ్జి ఉంటే ఇంటింటికీ తిరిగి, ఇంటిల్లిపాదికీ సరిపడా ఇచ్చి, వారానికి రెండో పూత ఆశా చూసుకునేలా మాట్లాడదాం. బీటెక్ అబ్బాయిలు అర్జీలు రాస్తారు, ఆధార్, రేషన్ కాగితాలు చూస్తారు. బ్యానరు వద్దు. చీటీలో ప్రార్థన గడి వద్దు, టిక్కులు వద్దు. ఆ ఊళ్లో ఉన్న చిన్న సంఘంలో సాయంత్రం కూటం పెట్టుకుందాం, పాటలు వాళ్ల భాషలో వాళ్లే పాడతారు, వచ్చేవాళ్లు వస్తారు. మందులకు, దానికి సంబంధం లేదని పగలే చెప్పేద్దాం.

మా పాస్టరు అయ్యగారు శ్రద్ధగా విన్నారు. ఏఎన్ఎంను అడగడం, సంత రోజు చూసుకోవడం, అర్జీల బల్ల, వీటికి వెంటనే ఒప్పుకున్నారు. ప్రార్థన కుర్చీలను వరుసలోంచి తీసి బడి వెనక చెట్టు కిందికి మార్చడానికి కొంత తర్జనభర్జన అయ్యాక సరే అన్నారు. నాకు అది చాలదు, కానీ సంచీ ముందే చేతికి వస్తుంది కాబట్టి మాట్లాడటం మానలేదు. అంకె దగ్గర మాత్రం ముడి పడింది. చేతులెత్తినవాళ్ల సంఖ్య లేకపోతే రిపోర్టులో ఏం రాయాలి, వచ్చే ఏడాది చందా ఎవరు ఇస్తారని కోశాధికారి గారి ప్రశ్న. కూలికి వెళ్లే ఆడవాళ్లు ముడి విప్పి ఇచ్చిన నోట్లు అవి, ఆ డబ్బు ఏమైందో వాళ్లకు చెప్పవలసిందే అని ఆయన వాదన. నిజమే, చెప్పవలసిందే. పోయినసారి ఆ డబ్బులో మందులకంటే బస్సు అద్దెకు, భోజనాలకు, టీ షర్టులకు ఎక్కువ ఖర్చయిందని కూడా చెబుదామా అని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. టీ షర్టుల ఆర్డరు ఇంకా ఇవ్వలేదట. ఆ డబ్బుకు ఎన్ని పెర్మెత్రిన్ ట్యూబులు వస్తాయో రేటు కనుక్కుని వచ్చే కూటానికి చెప్పమన్నారు. కనుక్కుంటున్నాను.